వాత తేలని దెబ్బ

సిద్దిపేట,
12 సెప్టెంబరు 2025, శుక్రవారం.

చిరంజీవి సౌభాగ్యవతి భవానికి,

తోడికోడలు విజయరాణి దీవించి రాస్తున్న ఉత్తరం.

ఉత్తరం అన్నాక ముందు క్షేమసమాచారాలు ఉండాలి. మిరుదొడ్డి నుంచి మా నాయిన రాసే కార్డుల్లో ఆ ఒక్క ముక్కే గుండ్రంగా ఉండేది, మిగతాదంతా కోడిగీతలు. కానీ "ఇక్కడ మేము క్షేమం" అని రాస్తే అబద్ధమవుతుంది, "అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను" అని రాస్తే ఎత్తిపొడుపవుతుంది. అందుకని రెండూ వదిలేసి, దేవుడు నిన్నూ వెంకటేశ్‌నూ మీ సంహితనూ చల్లగా చూడాలని మాత్రం రాస్తున్నాను. అత్తమ్మకు నా దండాలు చెప్పు. చెప్పకపోయినా ఫరవాలేదు, ఆమెకు నా దండం కూడా నాటకంలాగే కనిపిస్తుంది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా స్పీకర్ పెడతావు, నా మాటలు కోహెడలో మీ వాకిట కూర్చున్న వాళ్ళందరికీ కాలక్షేపం అవుతాయి. పైగా ఫోన్ మీదికి తల వంచితే నాకు మెడ వెనక మొదలైన సలుపు కంటి వెనకదాకా పాకుతుంది. ఇది ఎట్లా రాస్తున్నానో చెప్పనా? మా హర్షిణి పరీక్ష అట్టను వంటింటి గూట్లో పప్పు డబ్బాలకు ఆనించి, నిలబడి, గోడ మీద రాసినట్టు రాస్తున్నాను. పెన్ను పైకి పట్టుకుంటే సిరా దిగదు, మధ్యమధ్య విదిలించాలి. అక్షరాలు వంకర పోతే నా చదువును తిట్టకు.

హర్షిణి పదో తరగతికి వచ్చింది. లెక్కల్లో బాగుంది, తెలుగులో నా పోలిక. బతుకమ్మ దగ్గర పడింది కదా, మా వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా కుట్టుమిషన్ చప్పుడే. నా మిషన్ మీద మాత్రం పాత చీర కప్పి ఉంది. "విజయ లేడీస్ టైలర్" బోర్డు ఇంకా తీయలేదు. అది చూసి గుడ్డలు పట్టుకుని వచ్చేవాళ్ళకు సమాధానం చెప్పలేక హర్షిణిని ముందుకు పంపుతున్నాను. కూర్చుని మిషన్ తొక్కితే కాసేపటికే కుడిచేతి చివరి రెండు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. కత్తెర ఎటు పోతుందో తెలియదు. కొలత తీసి టేపు మడిచేలోగా ఆ కొలత మర్చిపోతున్నాను. పోయిన నెల ఒకామె పట్టుగుడ్డను మెడ దగ్గర తప్పు కత్తిరించి, ఆమె కాళ్ళ మీద పడ్డంత పని చేశాను.

ఇప్పుడు బజారులో శ్రీజ అనే అమ్మాయి పెట్టిన కొత్త కొట్టు నుంచి హుక్కుల పని తెచ్చుకుంటున్నాను. వాళ్ళు కుట్టిన జాకెట్లకు నేను కాజాలు తీసి హుక్కులు వేసి ఇస్తాను. దిండు మీద దిండు పేర్చి, గుడ్డను గడ్డం దాకా ఎత్తి పట్టుకుని వేస్తాను. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటి నెల ఇచ్చే పని అది. సరే, చెయ్యి ఆడినంత కాలం ఏదో ఒకటి.

ఇక అసలు సంగతి. మీ బావ మొన్న మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి ఇంటికి వస్తున్నాడు. సంతోషంగా చెప్పాల్సిన మాట, చివర్న చెప్పాడు. అంతకు ముందు చెప్పిందంతా ఏమిటంటే, సిద్దిపేట ఇల్లు ఖాళీ చెయ్యాలి, మిషన్ ఎవరికైనా ఇచ్చెయ్యాలి, హర్షిణిని మీ ఊరి బడిలో వెయ్యాలి, నేను కోహెడకు వచ్చి అత్తమ్మ దగ్గర ఉండాలి. "ఒళ్ళు వంచితే అన్ని నొప్పులు పోతయి" అన్నాడు. పదో తరగతి సగంలో పిల్ల బడి మార్చడమేమిటని ఏడిస్తే, ఒక్కటే మాట అడిగాడు. "గదే కార్ల, నీ పక్కపొంటి కూసున్న భవానికి లేని నొప్పి నీకే ఎట్లొచ్చె?" 

దవాఖాన చిట్టీలు చూపిస్తానంటే చిట్టీలు ఎవరైనా రాస్తారన్నాడు. చివరికి, "నేనొచ్చినంక భవానిని కూసోబెట్టి అడుగుత. ఆమె ఏమంటే గదే ఖాయం" అని పెట్టేశాడు. అదీ సంగతి, భవానీ. నా ఇల్లు, నా మిషన్, నా బిడ్డ చదువు, అన్నిటికంటే ముందు నేను అబద్ధాలకోరునో కాదో అనేది, నీ నోటి మాట మీద వేలాడుతున్నాయి. ఇన్నేళ్ళ కాపురంలో నా మొగుడికి నా మీద నమ్మకం కుదరడానికి నీ సాక్ష్యం కావాల్సి వచ్చింది. ఈ మాట రాస్తుంటే మెడ కంటే ఎక్కువ వేరేచోట నొప్పి పుడుతోంది.

ఇక్కడ ఆపి కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇప్పుడు సాయంత్రం, హర్షిణి ట్యూషన్‌కు పోయింది, మళ్ళీ మొదలుపెడుతున్నాను.

ఆ రోజు నీకు గుర్తు లేదని అనకు. వెంకటేశ్ కొత్త కారుకు పూజ చేయించడానికి కొమురవెల్లి పోయాం. నీకు ఆ పూజ కోసమే చిలకాకుపచ్చ జాకెట్టు కుట్టి ఇచ్చాను, ఎర్ర పైపింగ్ వేసి. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించాం, కొబ్బరికాయ కొట్టించాం, కారు ముందంతా మల్లన్న బండారి పసుపు పూశాం. అత్తమ్మ ముందు సీట్లో, నువ్వూ నేనూ వెనక. వెనక సీట్లకు ఉండే తలదిండ్లు పీకి డిక్కీలో పడేశాడు వెంకటేశ్, వెనక అద్దం మీద అంటించిన మల్లన్న బొమ్మకు అడ్డం వస్తున్నాయని. భక్తి ఉండాల్సిందే. కానీ ఆ దిండ్లు దేనికి పెట్టారో కారు చేసినవాళ్ళకు తెలియదా? అప్పుడు నాకూ తెలియదులే.

కొండపాక దగ్గర గొర్లమంద అడ్డం వచ్చింది. వెంకటేశ్ బ్రేకు వేశాడు. వెనక వస్తున్న డీసీఎం వ్యాను వచ్చి మన కారుకు తగిలింది. పెద్ద వేగం కూడా కాదు. నా తల మొదట వెనక్కి పోయింది, అక్కడ ఆపే దిండు లేదు, మళ్ళీ ముందుకు వచ్చింది. అంతే. దిగి చూస్తే ఒక లైటు పగిలింది, బంపరు సొట్టపోయింది. మనం చేతులూ కాళ్ళూ తడుముకున్నాం. అత్తమ్మ అక్కడే రోడ్డు మీద కొమురవెల్లి దిక్కు తిరిగి దండం పెట్టి, "ఒక్క నెత్తురు సుక్క రాలలె, మల్లన్న కాపాడిండు" అన్నది. ఆ మాటతో అందరి నోళ్ళూ కట్టుబడ్డాయి. దేవుడు కాపాడాక నొప్పి అంటే దేవుణ్ణి కాదన్నట్టే కదా.

ఆ సాయంత్రం నాకూ ఏమీ లేదు. మీరంతా సిద్దిపేటలోనే ఆగిపోయారు, నేనే అందరికీ వండి పెట్టాను. మర్నాడు పొద్దున దిండు మీద నుంచి తల లేవలేదు. రెండు చేతులతో నా తలను నేనే, పరాయి వస్తువును ఎత్తినట్టు ఎత్తుకుని లేచాను. మెడ పట్టిందని అత్తమ్మ నూనె రాసి రోకలి దొర్లించింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అని సామెత చెప్పేవాళ్ళం, నాకు అచ్చంగా జరిగింది. దానికీ తగ్గకపోయేసరికి నిన్ను పిలిచింది.

నువ్వు కాళ్ళు ముందుగా పుట్టిన పిల్లవు. అట్లా పుట్టినవాళ్ళ కాలు తాకితే పట్టేసిన నడుము విడుస్తుందని మన దిక్కు నమ్మకం. నిన్ను మన ఇంటికి తెచ్చుకున్నప్పుడు అత్తమ్మ నీ చదువు గురించి ఎవరికీ చెప్పలేదు, నీ కాలు గురించే చెప్పింది. కోహెడలో పొద్దున్నే మీ గడప ముందు నడుములు పట్టుకుని నిలబడేవాళ్ళను నేనూ చూశాను. నేను ఎగతాళి చేయడం లేదు. మా నాయిన నడుముకు నీ కాలు తాకితే ఆయన నడిచి బస్సెక్కాడు.

కానీ మెడ నడుము కాదు. నువ్వు కూడా ఆ రోజు వెనకాడావు, ఆ మాట ఒప్పుకుంటున్నాను. "నడుముకైతే ఎరికే గని, మెడకు నేనెన్నడు పెట్టలే అత్తమ్మా" అన్నావు. "నడుమైనా మెడైనా పట్టు పట్టే గదనే" అని ఆమె నన్ను గడప మీద బోర్లా పడుకోబెట్టింది. నువ్వు కాలెత్తావు. పక్కకు తిప్పిన నా కంటికి నీ మొహం కనిపించింది. చిట్లించుకుని ఉంది. నా మెడను కాలితో తాకడానికి కూడా నీకు రోత పుట్టిందనుకున్నాను. తర్వాత కాలు పడింది. మెడలో కటుక్కుమంది. నేను కేకపెట్టాను. అత్తమ్మ, "ఇడిసింది! సప్పుడు ఇన్నరా?" అని అందరి మొహాలూ చూసింది. లేచాక తాంబూలం, రవికగుడ్డ పెట్టాలి, అది ఆచారం. కళ్ళ నీళ్ళతోనే లేచి, బీరువాలోంచి ఆవపువ్వు రంగు మీద చిన్న మామిడిపిందెల గుడ్డ తీసి నీ చేతిలో పెట్టాను. ఆ రవికగుడ్డే నా నోరు మూయించింది. తగ్గకపోతే గుడ్డ ఎందుకు పెట్టిందని అడుగుతున్నారు ఇప్పుడు.

ఆ వేళ్ళ తిమ్మిరి ఆ పొద్దు నుంచే. నీ కాలి వల్ల అయిందని అనను, కారు వల్ల అయిందని కూడా తేల్చి చెప్పలేరట. అయింది, అంతే.

ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు. ఆ చిట్టీ అత్తమ్మ చదివించుకుని, "బొక్క ఇరగలె, నెత్తురు రాలె, మరి నొప్పెక్కడిదే?" అన్నది. రెండో దవాఖానలో ఒక డాక్టరమ్మ మాత్రం కూర్చోబెట్టి చెప్పింది. వెనక నుంచి బండి గుద్దితే తల కొరడా కొసలాగా వెనక్కీ ముందుకీ విసురుకుంటుందట. ఎముక బాగానే ఉంటుంది, దాన్ని పట్టుకుని ఉండే కండరాలూ నరాలూ సాగి దెబ్బతింటాయట, అవి ఎక్స్‌రేలో కనిపించవట. నొప్పి ఆ రోజే తెలియకపోవచ్చట. మెల్లగా గుద్దినా రావచ్చట. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది, కొందరికి మాత్రం ఏళ్ళు పడుతుంది, తలనొప్పీ, తల తిరగడమూ, నిద్ర పట్టకపోవడమూ, మతిమరుపూ కూడా దాని పిల్లలేనట. "రోడ్ల మీద ఇంత కామన్‌గా వచ్చేది ఇంకోటి లేదమ్మా, మీరే చెప్పుకోరు" అన్నది. 

బోనాల జాతరలో పోతరాజు కొరడాతో కొడితే వాత తేలుతుంది. నలుగురూ చూస్తారు, అయ్యో అంటారు. నాది వాత తేలని దెబ్బ.

నమ్మవు కదా. ఒకసారి నాతో వచ్చి ఆ ఫిజియోథెరపీ గది ముందు బెంచీ మీద కూర్చో. నేను ప్రతి సోమవారం పోతున్నాను. బైకు మీద పోతుంటే వెనక నుంచి ఆటో తగిలిన బ్యాంకు గుమస్తా ఉంటాడు. బస్సు స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరితే చివరి సీట్లో ఉన్న పంతులమ్మ ఉంటుంది. ఆటో నడిపే యాదగిరి అనే పెద్దాయన తల తిప్పలేక, పక్కకు చూడ్డానికి అద్దాలు ఎక్కువ పెట్టించుకున్నాడు. అందరూ ఒకటే పాట, ఎక్స్‌రేలో ఏం లేదన్నారని. మొదటి రోజు యాదగిరి నన్ను చూసి, "నీకు గూడ ఇంట్ల నమ్ముతలేరా, బిడ్డా?" అన్నాడు. నేను ఆ బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. కన్నవాళ్ళు, కట్టుకున్నవాడు అడగని మాట ఆటో ఆయన అడిగాడు. అక్కడ క్రాంతి అనే అమ్మాయి మెల్లమెల్లగా మెడ తిప్పిస్తుంది. ఎవరితోనూ మెడ పట్టించవద్దు, నొక్కించవద్దు, విరిపించవద్దు అని ప్రతిసారీ చెబుతుంది. గడప మీద జరిగింది నేను ఆ పిల్లకు చెప్పలేదు. మన ఇంటి పరువు, ఎంతైనా.

నువ్వు మాత్రం ఆ పరువు చూసుకోలేదు. కొండపాకలో మనవాళ్ళ గృహప్రవేశంలో, అన్నం బంతిలో అందరి ముందూ ఏమన్నావు? "నేను గూడ గదే సీట్ల కూసున్న, నాకేం కాలె. అక్కకు కారు గుద్దలె, అత్తమ్మకు చేసుడు తప్పించుకుందామన్న బుద్ధి గుద్దింది." ఎంత బాగా కుదిరిందో మాట! బంతి బంతంతా నవ్వింది. నేను చేతిలోని అన్నం ముద్దను ఆ నవ్వుల మధ్యే మింగాను. ఆ మరుసటి వారమే అత్తమ్మ సంచి సర్దుకుని మీ ఇంటికి వచ్చేసింది. ఆమె బకెట్టు ఆమెనే తెచ్చుకోమన్నానని నా నేరం. 

ఆ రోజు చేతులు కడుక్కునే దగ్గర వెనక నుంచి నిన్ను పిలిచాను, ఒక్క మాట అడుగుదామని. తల కూడా తిప్పలేదు నువ్వు. ఇంకోసారి పిలిస్తే, పల్లకిలో దేవుణ్ణి తిప్పినట్టు పాదాల నుంచి మొత్తం మనిషివి మెల్లగా తిరిగి, నన్ను చూసి, మళ్ళీ అట్లాగే తిరిగి వెళ్ళిపోయావు. ఇంత గర్వం ఎక్కడ నేర్చుకున్నావే?

అత్తమ్మ నీ పొగడ్తలన్నీ ఇక్కడి చుట్టాలకు ఫోన్లో చెబుతూనే ఉంటుంది, అవి తిరిగి నాకు చేరుతూనే ఉంటాయి. భవాని గట్టి మనిషి, భవాని నీళ్ళు తోడుతుంది, భవాని తనకు తలంటు పోస్తుంది. శ్రావణంలో పోచమ్మ బోనం కూడా నువ్వు ఎత్తకుండా సంహిత నెత్తిన పెట్టావట, పిల్లకు ఇప్పటి నుంచే భక్తి నేర్పాలని. మన ఇంట్లో బోనం నెత్తిన పెట్టుకుని చేతులు వదిలి నడిచేది నువ్వొక్కదానివే. అది కూడా బిడ్డకు ఇచ్చేశావంటే నీ అంత త్యాగం ఎవరికుంది చెప్పు!

చూడు, మళ్ళీ కోపం వచ్చేస్తోంది. ఈ జబ్బులో కోపం కూడా ఒక భాగమట, క్రాంతి చెప్పింది. నాకు మొదటి నుంచీ ఉన్నదేనని నేను చెప్పలేదు.

నేను నిన్ను పెద్దగా ఏమీ అడగడం లేదు. వెంకటేశ్ తలదిండ్లు పీకాడని చెప్పమనను. అత్తమ్మను తిరిగి పంపమనను. మీ బావ వచ్చి కూర్చోబెట్టి అడిగినప్పుడు, "నా కాలు తాకినా అక్కకు తగ్గలేదు" అని ఒక్క మాట చెప్పు. నీ కాలి మహిమ ఒక్క మెడ దగ్గర తప్పినంత మాత్రాన మీ గడప ముందు మనుషులు తగ్గరు. నడుములు పట్టేస్తూనే ఉంటాయి. కానీ నువ్వు ఆ మాట చెప్పకపోతే నా బతుకు కోహెడకు మూటగట్టుకుని వస్తుంది, ఆ తర్వాత నీ వంటింట్లో రోజూ నా మొహం చూడాల్సింది నువ్వే. అది కూడా ఆలోచించుకో.

సంహితకు నా ముద్దులు. పిల్ల నెత్తిన బరువులు పెట్టకు.

ఇట్లు,
ఎట్లా ఉన్నావని నువ్వు ఒక్కసారీ అడగని నీ అక్క,
విజయరాణి

తా.క.
17 సెప్టెంబరు, బుధవారం.

కవరు అంటించి బయటకు పోయేటప్పుడు పోస్టు చేద్దామని దేవుని పటం వెనక పెట్టాను. వాన వల్ల పోలేకపోయాను. మంచిదే అయింది. ఇప్పుడు కవరు చించి ఇది రాస్తున్నాను.

నిన్న శ్రీజ స్వయంగా వచ్చి హుక్కుల పని మూట ఇచ్చింది. పైనే ఒక కొత్త జాకెట్టు, కొలతకని ఇచ్చిన పాత ఆది జాకెట్టు మడతలో. "అక్కా, దీనికి హుక్కులు ముంగటికి రావాలె, ఆది సూసి ఎయ్యి. కోహెడామె. చేతులు ఎనకకు పోతలేవట. ఎనక మెడ పైదాక మూయుమన్నది, మెడకు ఏసుకునే పట్టీ కనబడొద్దట. ఎవ్వలకు చెప్పకన్నది పాపం, పనికోసమని నీకు చెప్తున్న" అని శ్రీజ వెళ్ళిపోయింది. నాకు పని ఆ కొట్టు నుంచి వస్తుందని నీకు తెలియదు. నువ్వూ నేనూ తోడికోడళ్ళమని ఆ పిల్లకు తెలియదు.

కొత్త జాకెట్టు ఆవపువ్వు రంగు. చిన్న మామిడిపిందెలు. 

ఆది విప్పాను. చిలకాకుపచ్చ, ఎర్ర పైపింగ్. నా కుట్టు నేను గుర్తుపట్టనా? నేను వేసిన వెనక హుక్కులు పీకేసి ఉన్నాయి. ముందు వైపు కోసి, చేత్తో వంకరటింకరగా పట్టీ వేసి ఉంది, సూది పైకెత్తలేనివాళ్ళు వేసినట్టు. మెడ వెనక నూనె ఇంకి గుడ్డ నల్లబడింది. ఎన్ని ఉతుకులు ఉతికావో కానీ ఆ నొప్పి మందు వాసన పోలేదు. నా దిండు గలీబుకు ఉండే వాసనే అది.

గడప మీద కాలెత్తినప్పుడు నీ మొహం ఎందుకు చిట్లించుకున్నావో ఇప్పుడు తెలిసింది. నేను పిలిస్తే పాదాల నుంచి ఎందుకు తిరిగావో తెలిసింది. నేనూ అట్లాగే తిరుగుతాను కదా, భవానీ, అయినా నాకు తోచలేదు. బోనం బిడ్డ నెత్తికి ఎందుకు పోయిందో తెలిసింది. పైన రాసిన ఆ మాటలు కొట్టివేయడం లేదు. అట్లాగే చదువు. 

నాకు జాలి ముందు రాలేదు, దాచకుండా చెబుతున్నాను. కోపమే వచ్చింది. ఆ బంతిలో అందరూ నవ్వినప్పుడు నువ్వు మెడ బిగబట్టుకుని నవ్వావు. నీకు తెలిసీ నవ్వావు. తెలియక అన్నవాళ్ళను క్షమించవచ్చు, అదే నొప్పి పెట్టుకుని నన్ను అబద్ధాలకోరును చేసినదాన్ని ఏం చెయ్యాలి? ఒకటే కారు, ఒకటే సీటు, ఒకటే దెబ్బ. నాది నాటకమైంది, నీది గుట్టు అయింది. వెంకటేశ్ పీకేసిన దిండ్లు గుర్తొస్తాయని దాచావా, గడప ముందు నిలబడే జనం పోతారని దాచావా, గట్టి మనిషి అనిపించుకోవడం కోసం దాచావా? మూడూ అయి ఉంటాయి. ఆ గట్టి మనిషి బకెట్లు మోస్తూ అత్తమ్మకు తలంటు పోస్తోంది. లోకంలోని నడుములన్నిటికీ నీ కాలు అందింది. నీ మెడకు నీ కాలు అందదు కదా, పిచ్చిదానా.

మెడ ఎవరితోనూ నొక్కించకు. రోకలి దగ్గరికి రానివ్వకు. ఆ పట్టీ రోజంతా పెట్టుకోవడం మంచిది కాదని క్రాంతి నాకు చెప్పింది, నీ సంగతి ఆ పిల్లే చూసి చెబుతుంది. సోమవారం నేను ఆ బెంచీ మీద ఉంటాను.

ఈ ఆది మీ బావకు చూపిస్తే నా మాట నిలబడుతుంది, నాకు తెలుసు. చూపించను. నేను ఏడ్చి చెబితే నమ్మనివాడు గుడ్డ వాసన చూసి నమ్మితే ఆ నమ్మకం నాకెందుకు? నువ్వు చెప్పాలి. "అక్కకే కాదు, నాకూ ఉంది" అని అత్తమ్మ ముందు, మీ బావ ముందు నువ్వే నోరు తెరిచి చెప్పాలి.

నీ జాకెట్టుకు హుక్కులు ముందు వైపే వేశాను. ఒంటికి గుచ్చుకోకుండా లోపల మెత్తటి పట్టీ కూడా వేశాను. చంకల కింద కాస్త వదులు చేశాను, చెయ్యి పైకి పోతుంది. అది రేపు శ్రీజ కొట్టుకు పోతుంది, అక్కడ తీసుకో. 

ఆది మాత్రం పంపడం లేదు. మడిచి నా మిషన్ మీద పెట్టాను. అది కావాలంటే ఆ ఒక్క మాట చెప్పి, ఇంటికి వచ్చి తీసుకుపో.